ఆలయ నిర్మాణంలో అనివార్య జాప్యం – ఒప్పంద ధర్మం

(జీర్ణోద్ధరణ, కుంభాభిషేక మహోత్సవాల సందర్భంగా ఏర్పాటైన దాతల సభలో చేసిన ప్రసంగపాఠం)



ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు మన పెద్దలు. దేవాలయ జీర్ణోద్ధరణలో ఈ రెండు కష్టాలూ ఒకేసారి ఎదురవుతాయి. ఒకవైపు రాతితోనూ సిమెంటుతోనూ కట్టడం లేపాలి. మరొకవైపు, పెళ్ళికి వలెనే, పెట్టుకున్న ముహూర్తానికి కుంభాభిషేకం జరిపించాలి. కట్టడం తన వేగంతో తాను నడుస్తుంది. ముహూర్తం ఎవరి కోసమూ ఆగదు. ఈ రెండింటి మధ్య నలిగిపోయేవారు నిర్వాహకులు, స్థపతి, కాంట్రాక్టరు.

ఆగమ విషయాలను, క్షేత్ర మాహాత్మ్యాన్ని పండితులు మీకు వివరించారు. నాకు అప్పగించిన విషయం వాటి పక్కన కొంత శుష్కంగా తోచవచ్చు. నిర్మాణపు పని ఎవరి తప్పూ లేకుండానే ఆగిపోయినప్పుడు ఏమి చేయాలి, ఆ నష్టాన్ని ఎవరు భరించాలి అన్నది ఆ విషయం. అయినా ఈ ప్రశ్న ప్రతి దాత మనస్సులోనూ ఉన్నదే. మన ఆలయం పని కూడా మొదట అనుకున్న తేదీని దాటింది. “డబ్బు ఇచ్చి ఇన్నాళ్ళయింది, స్వామి ఇంకా బాలాలయంలోనే ఉన్నాడేమి?” అని అడిగే హక్కు పది రూపాయలు హుండీలో వేసిన భక్తునికి కూడా ఉంది. ఆ ప్రశ్నకు కోపంతోనో, వేదాంతంతోనో జవాబు చెప్పకూడదు. కాగితం చూపించి చెప్పాలి. నేను చెప్పదలచిన సారాంశం ఇదే: జాప్యం దైవాధీనం కావచ్చు, దానిని ఆనాడే తెలియజేయడం, ఆనాడే వ్రాసిపెట్టడం, న్యాయంగా పంచుకోవడం మాత్రం మన అధీనంలోనే ఉన్నాయి.

జాప్యం అంతా ఒక్కటి కాదు

శిలతో చేసే పని తొందరపడితే సాగేది కాదని మొదట మనం గ్రహించాలి. శ్రీకాళహస్తి రాజగోపురం 2010 మే 26న కూలిపోగా, నూతన గోపురానికి కుంభాభిషేకం 2017లో జరిగింది. యాదగిరిగుట్ట లక్ష్మీనరసింహస్వామి ఆలయ పునర్నిర్మాణం 2015లో మొదలై, 2022 మార్చి 28న మహాకుంభ సంప్రోక్షణతో పరిపూర్ణమైంది. ఎంతో ధనబలం, ప్రభుత్వాల అండ ఉన్న క్షేత్రాలకే ఇన్ని సంవత్సరాలు పట్టినప్పుడు, చందాలతో నడిచే దేవాలయానికి కొన్ని నెలలు అటూ ఇటూ కావడం ఆశ్చర్యం కాదు. అయితే “ఆలయం పని ఆలస్యం కావడం సహజమే” అని అన్నింటినీ ఒకే గాట కట్టడం కూడా సరికాదు.

జాప్యం మూడు విధాలుగా ఉంటుంది. మొదటిది పని చేయించుకొనేవారి వల్ల కలిగేది. స్థలం ఖాళీ చేసి అప్పగించకపోవడం, నక్షాలు సకాలంలో ఇవ్వకపోవడం, సగం పని అయిన తరువాత మండపంలో స్తంభాలను మార్చమనడం, బిల్లులు నిలిపివేయడం ఈ కోవలోనివి. రెండవది కాంట్రాక్టరు వల్ల కలిగేది. ఒప్పుకున్నంతమంది పనివారిని పెట్టకపోవడం, మనుషులను మరొక పనికి తరలించడం, సామగ్రి తెప్పించకపోవడం వంటివి. మూడవది ఇరుపక్షాల చేతిలోనూ లేనిది. తుఫాను, వరద, భూకంపం, మహమ్మారి, దీర్ఘకాలపు సమ్మెలు, ప్రభుత్వ నిషేధాజ్ఞలు మొదలైనవి. వ్యవహారంలో ‘ఫోర్స్ మెజూర్’ అనే ఫ్రెంచి మాటతో పిలిచేది ఈ మూడవ రకాన్నే. దైవికమనీ, రాజకమనీ మన పెద్దలు విడదీసి చెప్పిన ఉపద్రవాలు రెండూ అందులో చేరతాయి.

ఒక జాప్యం నిజంగా ఈ మూడవ రకానికి చెందినదేనా అని తేల్చడానికి నాలుగు ప్రశ్నలు వేసుకోవాలి.

ఒకటి, దానిని ముందే ఊహించగలిగి ఉండేవారమా? గురుమౌఢ్యం, శుక్రమౌఢ్యం, శూన్యమాసాలు ఎప్పుడు వస్తాయో పంచాంగంలో ఉంటాయి. కావున మూఢం వచ్చింది గనుక శంకుస్థాపన ఆగిందనడం అనివార్య జాప్యం క్రిందకు రాదు. గడువు నిర్ణయించేనాడే పంచాంగం చూసుకొని ఉండవలసింది. జూన్ నుండి సెప్టెంబరు వరకు వానలు పడతాయన్నదీ అటువంటిదే. సంక్రాంతికి పనివారు ఊళ్ళకు వెళతారన్నదీ, నాట్లకూ కోతలకూ కూలీలు దొరకరన్నదీ అటువంటివే. 2009 అక్టోబరు ఆరంభంలో తుంగభద్ర పొంగి మంత్రాలయ క్షేత్రమూ కర్నూలు నగరమూ నీట మునిగిన సంగతి వేరు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని అతలాకుతలం చేయడం వేరు. అటువంటివి ఏ ఎస్టిమేటులోనూ పట్టేవి కావు.

రెండు, అది నిజంగా మన చేతిలో లేనిదా? పునాది త్రవ్వుతుండగా పాత విగ్రహాలో, నాణేలో బయటపడ్డాయనుకోండి. 1878 నాటి నిక్షేపాల చట్టం ప్రకారం కలెక్టరుకు తెలియజేయవలసి ఉంటుంది. అంతవరకు ఆ చోట పని ఆపడం అనివార్యం. కాని కేంద్ర ప్రభుత్వ రక్షణలో ఉన్న ప్రాచీన కట్టడానికి 100 మీటర్లలోపు నూతన నిర్మాణం నిషిద్ధమనీ, ఆ పైన 200 మీటర్ల వరకు అనుమతి అవసరమనీ చట్టంలో స్పష్టంగా ఉంది. ఆ అనుమతికి దరఖాస్తు చేయకుండా పని మొదలుపెట్టి, అధికారులు ఆపినప్పుడు రాజకోపమని వాపోవడం చెల్లదు.

మూడు, అది నిజంగా పనిని ఆపిందా? తుఫాను వచ్చినప్పుడు ఆలయ ప్రాంగణంలో స్లాబు పని ఆగుతుంది. ఆళ్ళగడ్డలోనో, దుర్గిలోనో శిల్పుల పాకలలో సాగే శిల్పం పని ఆ వానవల్ల ఆగదు. ఒకటి ఆగింది గనుక అన్నీ ఆగినట్లు లెక్క వ్రాయకూడదు.

నాలుగు, నష్టాన్ని తగ్గించే ప్రయత్నం జరిగిందా? ఇసుక దొరకని రోజులలో రాతి పనిని ముందుకు జరపవచ్చు. గోపురం మీద పని చేయలేని గాలివానలో మండపం లోపలి పని చేయవచ్చు. 2019లో ఆంధ్రప్రదేశ్‌లో వరదలు, ఇసుక విధానంలో మార్పు కలిసివచ్చి ఇసుక కొరత ఏర్పడినప్పుడు అనేక నిర్మాణాలు నిలిచిపోయాయి. అటువంటి సమయంలో ఇసుకతో నిమిత్తం లేని పనిని ఎవరు ముందుకు నడిపించారో, ఎవరు చేతులు ముడుచుకొని కూర్చున్నారో చూడాలి. కారణం అందరికీ ఒక్కటే అయినా ఇద్దరి హక్కూ ఒక్కటి కాదు.

చట్టం చెప్పే ధర్మం

మన దేశంలో ఒప్పందాలకు ఆధారం 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం. అందులో జాప్యానికి సంబంధించిన కొన్ని సెక్షన్లను నిర్వాహకులు తప్పక తెలుసుకోవాలి.

56వ సెక్షన్ ప్రకారం, ఒప్పందం చేసుకున్న తరువాత దానిని నెరవేర్చడం అసాధ్యమైతే ఆ ఒప్పందం రద్దవుతుంది. కాని ‘అసాధ్యం’ అన్న మాటను న్యాయస్థానాలు చాలా జాగ్రత్తగా వాడతాయి. సత్యవ్రత ఘోష్ కేసు (1954) ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. కలకత్తాలో ఇళ్ళ స్థలాల కోసం చదును చేయవలసిన భూమిని రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ప్రభుత్వం సైనికావసరాలకు తీసుకుంది. అందుచేత ఒప్పందం రద్దయినట్లేనని కంపెనీ వాదించింది. సుప్రీంకోర్టు అంగీకరించలేదు. ఆ ఆటంకం తాత్కాలికమైనది. ఒప్పందపు మూలమే పోయినట్లు కాదు అని తీర్పు చెప్పింది. దీనివల్ల మనకు తెలిసేదేమనగా, అనివార్యమైన ఆటంకం సాధారణంగా పనిని వాయిదా వేస్తుందేగాని బాధ్యతను తుడిచివేయదు.

ధరలు పెరగడం కూడా అనివార్య కారణమని కొందరు భావిస్తారు. సైన్యానికి నెయ్యి సేకరించి ఇచ్చే ఏజెంట్లు, యుద్ధం వల్ల పరిస్థితులు మారాయి గనుక ఒప్పందంలో లేని హెచ్చు రేట్లు ఇప్పించాలని కోరిన అలోపీ ప్రసాద్ కేసులో (1960) సుప్రీంకోర్టు ఆ వాదాన్ని త్రోసిపుచ్చింది. గిట్టుబాటు కాకపోవడం వేరు, అసాధ్యం కావడం వేరు. ఇనుము ధర పెరిగిందని పని మానుకోవడానికి వీలులేదు. ఆ భయం ఉన్నట్లయితే ధర పెరిగితే ఎంత కలపాలన్న షరతును మొదటే వ్రాసుకోవాలి.

53వ సెక్షన్ మనవంటి సంఘాలను హెచ్చరిస్తుంది. ఎదుటివారి పనికి తానే అడ్డుపడిన పక్షం, అందువల్ల కలిగిన నష్టాన్ని పూరించవలసి ఉంటుంది. కాబట్టి స్థలం అప్పగించకుండా గడువు దాటిందని కాంట్రాక్టరును నిందించలేము.

55వ సెక్షన్ గడువును గురించినది. గడువే ప్రాణమైన ఒప్పందాలు కొన్ని ఉంటాయి. అందులో గడువు తప్పితే ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. నిర్మాణపు ఒప్పందాలు ఆ కోవలోకి సులభంగా రావు. 1955లో నాసిక్ ప్రాంతంలో ఒక అక్విడక్టు నిర్మాణానికి 12 నెలల గడువుతో పని అప్పగించారు. గడువు తీరగానే ప్రభుత్వం ఒప్పందాన్ని రద్దు చేసింది. హింద్ కన్‌స్ట్రక్షన్ కేసుగా పేరొందిన ఈ వ్యవహారంలో 1979లో సుప్రీంకోర్టు ఆ రద్దు సరికాదన్నది. గడువు పొడిగింపునకూ, ఆలస్యానికి జరిమానాకూ ఒప్పందంలోనే అవకాశం ఉన్నప్పుడు, కేవలం తేదీ దాటినందువల్ల పని తీసివేయకూడదు. న్యాయమైన మరొక గడువును నోటీసు ద్వారా నిర్ణయించి ఉండవలసింది అని దాని భావం. “తేదీ దాటింది, రేపే మరొకరిని పెట్టండి” అని ఆవేశపడే మిత్రులు ఈ తీర్పును గుర్తుంచుకోవాలి.

ఇదే సెక్షన్‌లో మరొక సూక్ష్మం ఉంది. గడువు ప్రధానమైన ఒప్పందంలో, గడువు దాటిన తరువాత చేసిన పనిని మనం స్వీకరిస్తే, నష్టపరిహారం కోరుతున్నామని స్వీకరించేనాడే తెలియజేయాలి. ఆనాడు మౌనంగా ఉండి, లెక్కలు తేల్చేనాడు అడగడం చెల్లదు. 63వ సెక్షన్ గడువు పొడిగించే అధికారాన్ని పని చేయించుకొనేవారికి ఇస్తుంది. 74వ సెక్షన్ రోజుకింత అని ముందుగా వ్రాసుకున్న పరిహారానికి సంబంధించినది. అలా వ్రాసిన మొత్తం గరిష్ఠ పరిమితి. దానికి లోబడి న్యాయమైన పరిహారం మాత్రమే లభిస్తుంది. దానిని ఆదాయమార్గంగా భావించరాదు.

మహమ్మారి నేర్పిన పాఠం

అనివార్య జాప్యం అంటే ఏమిటో మన తరానికి 2020 సంవత్సరం ప్రత్యక్షంగా చూపించింది. ఆ సంవత్సరం మార్చి 25న దేశమంతటా లాక్‌డౌన్ మొదలైంది. పొరుగు రాష్ట్రాల నుండి వచ్చిన శిల్పులు, తాపీ పనివారు స్వస్థలాలకు నడిచి వెళ్ళిన దృశ్యాలను మనం మరువలేము. కేంద్ర ఆర్థిక మంత్రిత్వశాఖ ఫిబ్రవరి 19ననే ఈ వ్యాధిని ప్రకృతి వైపరీత్యంగా పరిగణించవచ్చునని ఉత్తర్వు వెలువరించింది. మే 13న మరొక ఉత్తర్వు ద్వారా, ప్రభుత్వ ఒప్పందాలకు మూడు నెలలకు తగ్గకుండా, ఆరు నెలలకు మించకుండా, జరిమానా లేకుండా గడువు పొడిగించడానికి అవకాశం కల్పించింది.

ఆ ఉత్తర్వులో ఒక షరతు ఎంతో విలువైనది. ఫిబ్రవరి 19 నాటికే తమ బాధ్యతలో వెనుకబడి ఉన్నవారికి ఈ వెసులుబాటు వర్తించదు. అంటే, విపత్తు రాకముందే నిద్రపోయినవాడు విపత్తును దుప్పటిగా కప్పుకోరాదు. ఇది కేవలం ప్రభుత్వ ఒప్పందాలకు సంబంధించిన ఉత్తర్వు అయినా, ఇందులోని న్యాయం అన్ని ఒప్పందాలకూ మార్గదర్శకం.

ఒప్పందపత్రంలో వ్రాసుకోవలసినవి

దేవాలయ పనులు చాలాచోట్ల నోటి మాట మీద జరుగుతాయి. “స్వామి పని గదా, కాగితాలెందుకు?” అంటారు. స్వామి పని గనుకనే కాగితం కావాలి. ఇద్దరు సజ్జనుల మధ్య తగవు రాకుండా చూసేది కాగితమే. రెండు తెలుగు రాష్ట్రాలలో దేవాదాయ, ధర్మాదాయ చట్టం క్రింద ఉన్న ఆలయాలకు శాఖాపరమైన అనుమతులు, ఎస్టిమేట్లు, తనిఖీలు ఎలాగూ ఉంటాయి. ప్రైవేటు ట్రస్టులు, గ్రామ సంఘాలు తమంతట తామే ఆ క్రమశిక్షణను పాటించాలి.

ఒప్పందంలో ఈ అంశాలు స్పష్టంగా ఉండాలి. ఏయే కారణాలను అనివార్యమైనవిగా అంగీకరిస్తామో పేర్లతో వ్రాయాలి. సాధారణ వర్షం లెక్కలోకి రాదనీ, అసాధారణ వర్షమైతేనే వస్తుందనీ, దానిని సమీప వర్షమాపక కేంద్రం నమోదుతో పోల్చి తేలుస్తామనీ చెప్పాలి. ఆటంకం కలిగిన ఎన్ని రోజులలో తెలియజేయాలో నిర్ణయించాలి. కేంద్ర ప్రజాపనుల శాఖ షరతులలో ఈ వ్యవధి 14 రోజులు. ఫిడిక్ అనే అంతర్జాతీయ ఇంజనీర్ల సమాఖ్య 1999లో ప్రచురించిన నమూనాలో 28 రోజులు. చిన్న పనికి ఏడు రోజులు చాలు.

పని ఆగిన కాలానికి గడువు మాత్రమే పెరుగుతుందా, డబ్బు కూడా వస్తుందా అన్నది వేరుగా వ్రాయాలి. ఎవరి తప్పూ లేని జాప్యానికి గడువు పెరుగుతుంది, ఎవరి ఖర్చు వారిదే అన్నది సాధారణంగా పాటించే పద్ధతి. సంఘం వల్ల జరిగిన జాప్యానికి గడువుతోపాటు ఖర్చూ ఇవ్వాలి. కాంట్రాక్టరు వల్ల జరిగితే గడువూ లేదు, పైగా పరిహారం చెల్లించాలి. ఆటంకం నెలల తరబడి సాగితే ఏమి చేయాలో, అంతవరకు చేసిన పనికి ఎలా కొలిచి చెల్లించాలో కూడా వ్రాయాలి.

శిలకు సంబంధించి ఒక ప్రత్యేక షరతు అవసరం. రాతిలో దాగిన చార ఉలి దెబ్బకు బయటపడి, నెలల పాటు చెక్కిన స్తంభం పగిలిపోవచ్చు. శిల్పశాస్త్రజ్ఞులు రాతిని మ్రోగించి, ఆ నాదాన్ని బట్టి పురుషశిల, స్త్రీశిల, నపుంసకశిల అని ఎంచి తీసుకుంటారు. అంతటి పరీక్ష జరిగినా ఒక్కొక్కప్పుడు దోషం తప్పదు. ఆ రాయి ఎవరు ఎంపిక చేసినది, మారు రాయి ఖర్చు ఎవరిది, ఎన్ని రోజులు అదనంగా ఇవ్వాలి అన్నది పగిలిన తరువాత ఆలోచించేది కాదు.

ఆటంకాల రిజిస్టరు

ప్రభుత్వ పనులలో ‘హిండ్రెన్స్ రిజిస్టరు’ అని ఒక పుస్తకం ఉంటుంది. ఆటంకాల రిజిస్టరు అనుకుందాం. పని ఎప్పుడు, ఎందువల్ల ఆగింది, ఏ పని ఆగింది, తిరిగి ఎప్పుడు మొదలైంది, మొత్తం ఎన్ని రోజులు, అంతకుముందే మరొక కారణంతో లెక్కించిన రోజులు అందులో ఎన్ని కలిసిపోయాయి అన్నవి అందులోని గళ్ళు. ప్రతి పద్దు క్రింద ఇరుపక్షాల సంతకాలు ఉండాలి. నూరు రూపాయలు విలువచేయని ఈ పుస్తకం లక్షల రూపాయల తగవును నివారించగలదు. సంవత్సరం గడిచిన తరువాత ఎవరి జ్ఞాపకం వారికి అనుకూలంగానే ఉంటుంది. ఆనాటి సంతకం మాత్రం మారదు.

ఒక ఊహాత్మకమైన ఉదాహరణతో దీని ఉపయోగం చెబుతాను. ఒక ఆలయ మండపం పనికి 365 రోజుల గడువు. చివరకు కాంట్రాక్టరు 60 రోజుల పొడిగింపు కోరాడు. తుఫాను, వరద నీరు, బురద తీయడం కలిపి 20 రోజులు మండపం పని నిలిచినట్లు రిజిస్టరులో ఉంది. స్తంభాల నమూనా మార్పుపై సంఘం 15 రోజులు నిర్ణయం తీసుకోలేదు; అందులో 5 రోజులు తుఫాను రోజులలోనే కలిసిపోయాయి. కాంట్రాక్టరు తన మనుషులను 10 రోజులు మరొక పనికి పంపాడు. మిగిలిన 20 రోజులకు ఎక్కడా ఆధారం లేదు.

ఇక లెక్క సులభం. తుఫానుకు 20 రోజుల గడువు, డబ్బు లేదు. సంఘం జాప్యానికి మిగిలిన 10 రోజుల గడువు, ఆ కాలంలో ఖాళీగా ఉన్న పనివారి ఖర్చుతో సహా. మొత్తం పొడిగింపు 30 రోజులు. తాను మనుషులను పంపిన 10 రోజులకూ, ఆధారం లేని 20 రోజులకూ పొడిగింపు లేదు. పని 45 రోజులు ఆలస్యంగా ముగిసిందనుకుంటే, రోజుకు 2,000 రూపాయలన్న షరతు ప్రకారం 15 రోజులకు 30,000 రూపాయలకు మించకుండా పరిహారం తేలుతుంది. చూడండి, ఇందులో ఎవరినీ దొంగ అనవలసిన పని రాలేదు. సంఘం తన వంతు తాను ఒప్పుకుంది, కాంట్రాక్టరు తన వంతు తాను ఒప్పుకున్నాడు, తుఫాను వంతు ఇద్దరూ భరించారు.

పొడిగింపును లిఖితపూర్వకంగా, గడువు తీరకముందే ఇవ్వడం మంచిది. పరిహారం కోరే ఉద్దేశం ఉంటే ఆ ఉత్తరంలోనే ఆ మాట ఉండాలి. ఓ.ఎన్.జి.సి. – సా పైప్స్ కేసులో (2003), ఐరోపాలో ఉక్కు కర్మాగారాల సమ్మె వల్ల సరఫరా ఆలస్యమైంది. కొనుగోలుదారు గడువు పొడిగిస్తూనే, ఒప్పందంలోని పరిహారాన్ని మినహాయించుకుంటామని ముందే స్పష్టం చేశారు. ఆ మినహాయింపును చివరకు సుప్రీంకోర్టు సమర్థించింది. అలాగే కాంట్రాక్టరు ఇచ్చిన బ్యాంకు గ్యారంటీ, బీమా పాలసీ పాత తేదీతోనే ముగిసిపోకుండా వాటి గడువును కూడా పొడిగించుకోవాలి. చాలామంది మరచిపోయేది ఇక్కడే.

పని ఆగిన రోజులలో

పని ఆగినంత మాత్రాన బాధ్యత ఆగదు. సగం లేచిన గోడలకు, బయటికి ఉన్న ఇనుప చువ్వలకు, చెక్కిన శిలలకు రక్షణ కల్పించాలి. చువ్వలు తుప్పు పట్టకుండా సిమెంటు పాలు పూయాలి. పునాదిలో నిలిచిన నీటిని తోడించాలి. ఈ పనులు ఎవరివో కూడా ముందే తేల్చుకోవాలి.

పనివారి సంగతి అంతకంటె ముఖ్యమైనది. కాంట్రాక్టరుకు గడువు పెరగవచ్చు. రోజుకూలీ మీద బ్రతికే తాపీ పనివానికి పెరిగిన గడువుతో పొయ్యి వెలగదు. ఒప్పందం ప్రకారం ఎవరి ఖర్చు వారిదే కావచ్చు. అయినా స్వామి ఎదుట పని చేసినవాడు పస్తు ఉండకుండా చూడటం ఆలయ ధర్మం. నిత్యాన్నదానం ఉన్నచోట వారికి భోజనం పెట్టవచ్చు. చేసిన పనికి రావలసిన బిల్లును కొలిచి వెంటనే చెల్లించవచ్చు. ఈ రెండవది దయ కూడా కాదు, బాకీ. పని ఆగింది గదా అని పాత బిల్లులను తొక్కిపట్టే సంఘానికి పనివారు మళ్ళీ దొరకరు.

అభిప్రాయభేదం వస్తే మొదట పర్యవేక్షక ఇంజనీరు, తరువాత ఇరుపక్షాలూ నమ్మిన పెద్దమనిషి, అప్పటికీ తేలకపోతే 1996 నాటి ఆర్బిట్రేషన్ చట్టం ప్రకారం మధ్యవర్తి. ఈ వరుసను ఒప్పందంలోనే వ్రాసుకోవాలి. కోర్టుకెక్కిన ఆలయం సగం గోపురంతో సంవత్సరాల తరబడి నిలబడవలసి వస్తుంది.

ముహూర్తం ఒత్తిడి

ఇక అన్నింటికంటె ప్రమాదకరమైన విషయానికి వస్తాను. జాప్యం వల్ల కలిగే నష్టం డబ్బుతో పోతుంది. జాప్యాన్ని కప్పిపుచ్చడానికి చేసే తొందర ప్రాణాలు తీయగలదు.

ఆహ్వానపత్రికలు అచ్చయ్యాయి, పీఠాధిపతులు వస్తామన్నారు, ముహూర్తం ఇరవై రోజులలో ఉంది, స్లాబు మొన్ననే వేశారు. అటువంటప్పుడు “సెంట్రింగ్ తీసేయండి, రంగులు వేయాలి” అన్న మాట సులభంగా వస్తుంది. భారతీయ ప్రమాణమైన ఐ.ఎస్. 456 ప్రకారం, సాధారణ పరిస్థితులలో 4.5 మీటర్లకు మించిన స్లాబు క్రింద ఊతకర్రలు కనీసం 14 రోజులు, 6 మీటర్లకు మించిన దూలాల క్రింద 21 రోజులు ఉంచాలి. కాంక్రీటు నిర్ణీత బలాన్ని 28 రోజుల నాటి పరీక్షతో లెక్కిస్తారు. ఈ రోజులను ఏ దాతా, ఏ అధికారీ, ఏ కమిటీ అధ్యక్షుడూ తగ్గించలేడు. వేలాది భక్తులు నిలబడే కప్పు క్రింద ముందుగా కర్రలు తీయించడం కంటె ముహూర్తాన్ని మార్చుకోవడం ఎంతో పుణ్యం.

పంచాంగంలో మరొక మంచిరోజు ఉంటుంది. స్వామి బాలాలయంలో మరికొన్నాళ్ళు ఉండటం మనకు బాధే. అర్చకస్వాములతో సంప్రదించి, అందుకు తగిన కైంకర్యాన్ని జరిపించవచ్చు. కూలిన కప్పుకు మాత్రం ప్రాయశ్చిత్తం లేదు. అందుచేత, కట్టడం భద్రంగా ఉన్నదని ఇంజనీరు, శిల్పం పూర్తి అయినదని స్థపతి వ్రాసి ఇచ్చిన తరువాతనే కుంభాభిషేకపు తేదీని ప్రకటించడం ఉత్తమం. ముందే ప్రకటించవలసి వస్తే, మధ్యలో ఒక నెలైనా వెసులుబాటు ఉంచాలి.

దాతలకు మనవి

దాతలారా, మీరు ఇచ్చిన ద్రవ్యంపై మీకు మమకారం ఉండటం సహజం. కావున మీరు అడగండి. మూడు నెలలకొకసారి పని ఎంతవరకు వచ్చింది, ఎన్ని రోజులు ఆగింది, కారణమేమిటి, ఎంత చెల్లించారు, ఎంత మిగిలింది అన్న ఒక్క పుట నివేదికను సూచనాఫలకం మీద అంటించమని నిర్వాహకులను కోరండి. ఆటంకాల రిజిస్టరును చూపించమనండి. దానిని చూపించగలిగిన సంఘాన్ని నమ్మండి. అడగకుండా ఊరుకొని, రచ్చబండ దగ్గర అనుమానాలు చెప్పుకోవడం ఎవరికీ మేలు చేయదు. సమాచారం లేని చోటనే పుకార్లు పుడతాయి, పుకార్లు పుట్టిన చోట విరాళాలు ఆగుతాయి, విరాళాలు ఆగిన చోట పని నిజంగానే ఆగుతుంది. అలా ఒక చిన్న జాప్యం పెద్ద జాప్యానికి తల్లి అవుతుంది.

నిర్వాహకులకు కూడా ఒక్క మాట. పని వెనుకబడిన సంగతిని దాతలకు మీరే ముందుగా చెప్పండి. చెడ్డకబురు ఆలస్యంగా చేరితే రెండింతలు చెడ్డదవుతుంది. ‘ఆలస్యం అమృతం విషం’ అన్న నానుడి నా ఉద్దేశంలో పనికంటె కబురుకే ఎక్కువగా వర్తిస్తుంది. పని ఆలస్యమైనా గోపురం లేస్తుంది. కబురు ఆలస్యమైతే నమ్మకం పోతుంది.

రాతిని ఓర్పుతో మలచిన శిల్పులకు, వానలోనూ ఎండలోనూ నిలబడి పని చేసిన తాపీ, సెంట్రింగ్ పనివారికి, వారిని నడిపించిన స్థపతిగారికి, లెక్కలు దాచకుండా చూపించిన నిర్వాహకులకు, ఓపికతో వేచి ఉన్న దాతలకు ఆ స్వామి ఆయురారోగ్య ఐశ్వర్యాలను ప్రసాదించుగాక అని ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.